మండువా లోగిలిలో బస: కోనసీమకు వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అడిగేవాళ్ళను అనడానికేం లేదు. హోటల్ గదంటే అందరికీ తెలుసు, పాత పెంకుటింట్లో డబ్బులిచ్చి ఉండటం ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. అందుకే అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు రాశాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఇది రిసార్టు కాదు. గోదావరి నీటినీ సముద్రపు గాలినీ దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇల్లు. దాని పద్ధతిలో ఉంటే హాయిగా ఉంటుంది, దానితో పోట్లాడితే రెండో రోజుకే విసుగొస్తుంది.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇంతకీ మండువా ఇల్లంటే ఏంటండీ? మామూలు పెంకుటింటికీ దీనికీ తేడా ఏంటి?

ఇంటి నడిమధ్యన ఆకాశం కనిపించేలా వదిలేసిన చోటు మండువా. దాని చుట్టూ నాలుగు వైపులా వసారా, వసారా వెనక గదులు. పెంకుల కప్పు వీధి వైపు వాలినట్టే లోపలికీ వాలుతుంది. వాన పడితే నాలుగు వాలుల నీళ్ళూ మండువాలోకే దూకి, మూలనున్న తూములోంచి బయటికి పోతాయి. వెలుతురు వచ్చేదీ ఆ దారినే. వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతుంటే, వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ చల్లగాలి లోపలికి వస్తుంది. వీధి అరుగు మీద కూర్చుంటే పెరట్లో తులసికోట కనిపించేలా గుమ్మాలన్నీ ఒకే వరసలో పెట్టింది అందుకే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలవలు పారి, వరి మీద నాలుగు డబ్బులు నిలిచాక డెల్టా ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు చాలా లేచాయి. ఇప్పుడు ఊరికి ఒకటో రెండో మిగిలాయి. కొన్నిచోట్ల అవీ లేవు.

ఏ నెలలో రమ్మంటారు? అంతా పచ్చగా కనిపించాలి

పచ్చగా కనిపించాలంటే వరి తీరు తెలియాలి. సార్వా (వానాకాలపు వరి) నాట్లు జులై, ఆగస్టుల్లో పడతాయి, అక్టోబరు దాకా పచ్చదనమే. నవంబరు, డిసెంబరుల్లో పొలాలు బంగారు రంగుకు తిరిగి కోతలు సాగుతాయి. దాళ్వా (రెండో పంట) పైరు జనవరి నుంచి మార్చి దాకా పచ్చగా ఉంటుంది, ఏప్రిల్లో కోసేస్తారు. ఆ తర్వాత కాలవలు కట్టేస్తారు, మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే. మే నెలలో వచ్చి ‘ఫొటోల్లో చూసిన కాలవ ఏదండీ’ అని అడిగేవాళ్ళు ఏటా ఉంటారు. కొబ్బరితోటలకు మాత్రం సీజన్ లేదు, ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి.

మా ఓటు ఫిబ్రవరికి. పండగ జనం వెళ్ళిపోయి ఉంటారు, చలి తగ్గుతూ ఉంటుంది, పైరు మోకాలెత్తు ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరికలు చూసుకుని బయల్దేరండి. తాటిముంజలు, కొత్తావకాయ కోసం వచ్చేవాళ్ళకు ఎండాకాలమే మంచిది. ఉక్క భరించగలగాలి, అంతే.

ఏసీ ఉందా? లేదంటే ఇప్పుడే చెప్పేయండి, మా ఆయన ఉండలేరు

రెండు గదుల్లో ఉంది, మిగతావాటికి ఫ్యాన్లే. గోడలు మందం, కప్పు ఎత్తు, కాబట్టి మధ్యాహ్నం బయట కాలిపోతున్నా లోపల అంత వేడి తెలియదు. ఇక్కడ అసలు బాధ వేడి కాదు, చెమట. ఏప్రిల్ చివరి నుంచి రుతుపవనాలు వచ్చేదాకా గాలి ఆగిపోయిన రోజున ఏ పాత ఇల్లూ ఏమీ చేయలేదు. ఆ నెలల్లో ఏసీ గది దొరికితేనే రండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఏసీ గది తీసుకున్నవాళ్ళు కూడా కిటికీలు తెరుచుకునే పడుకుంటున్నారు.

‘ఎకో ఫ్రెండ్లీ’ అన్నారు. నిజంగానేనా, బోర్డు మీద వరకేనా?

అడగాల్సిన ప్రశ్నే. ఈ మధ్య వెదురు కుర్చీ వేసినవాళ్ళంతా ఆ మాట రాసుకుంటున్నారు.

మేం చేసినవాటిలో పెద్ద పని ఇల్లు పడగొట్టకపోవడమే. ఉన్న ఇటుక, ఉన్న టేకు, ఉన్న పెంకు మళ్ళీ వాడుకున్నాం కాబట్టి అంత మేర కొత్త సిమెంటు, ఇనుము, ఇసుక తగ్గాయి. తక్కినవన్నీ దాని తర్వాతే. సోలార్ పలకలు పాత పశువుల పాక మీద ఉన్నాయి, ఎందుకంటే పెంకుల మీద ఆ బరువు పెట్టకూడదు. ఫ్యాన్లు, లైట్లు వాటితో నడుస్తాయి. ఏసీలకు మాత్రం మామూలు కరెంటే, అందులో దాపరికం లేదు.

స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు గులకరాళ్ళు పోసి మెట్టతామర నాటిన మడి గుండా పోయి అరటి మొక్కలకు చేరతాయి. డెల్టాలో ఇది ఫ్యాషన్ కోసం చేసే పని కాదు. కాలవలు పారే రోజుల్లో కాస్త తవ్వితేనే నీళ్ళు పడతాయి, ఇంకుడుగుంత ఇంకదు. మురుగు అలాగే వదిలేస్తే పక్కింటి నూతిలోకో పంట బోదెలోకో చేరుతుంది. కూరగాయల తొక్కలు, అరిటాకులు ఎరువుగుంతకు వెళ్తాయి. ప్లాస్టిక్ సీసాలు, ప్యాకెట్లు మాత్రం మా దగ్గర కరిగించే ఉపాయం లేదు, మీరు తెచ్చినవి మీరే తీసుకెళ్ళాలి.

మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, ఉండగలరా?

ఉండగలరు. మెట్లెక్కే పని లేదు, ఇల్లంతా ఒకే అంతస్తు. అన్ని గదులకూ వెస్ట్రన్ కమోడ్, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉన్నాయి. చూసుకోవలసినవి మూడు. గడపలు ఎత్తుగా ఉంటాయి, కాలు బాగా లేపి దాటాలి. ద్వారబంధాలు పొట్టి, ఈ మాట కొడుకులకూ అల్లుళ్ళకూ కూడా చెప్పండి, నుదురు తగిలించుకునేది వాళ్ళే. మండువా రెండు అడుగుల లోతులో ఉంటుంది, వాన పడితే రాయి జారుతుంది. వీధి గుమ్మానికి దగ్గరున్న గది పెద్దవాళ్ళకు ఇస్తాం, బుక్ చేసేటప్పుడే అడగండి.

వరదలొస్తే మా పరిస్థితి ఏంటి?

గోదావరి వరద సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు మధ్య వస్తుంది, చెప్పకుండా మాత్రం రాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎగువన భద్రాచలంలో పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి వ్యవధి ఉంటుంది, సర్దుకోవడానికి అది చాలు. ముందు మునిగేవి ఏటిగట్లకు లోపలున్న లంక గ్రామాలు, వాటి కాజ్‌వేలు. గట్టుకు ఇవతలి ఊళ్ళకు గట్టు నిలిచినంతవరకు భయం లేదు. 1986 ఆగస్టులో గట్లు తెగినప్పుడు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో మా వసారా స్తంభం మీద గీత ఉంది, చూపిస్తాం.

మా పద్ధతి ఇది. రెండో హెచ్చరిక వస్తే మేమే ఫోన్ చేసి రావద్దంటాం, డబ్బు మొత్తం తిరిగి ఇస్తాం. అప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళను రోడ్డు బాగున్నప్పుడే పంపించేస్తాం. ‘వరద చూడాలని ఉందండీ, ఉంటాం’ అన్నా ఒప్పుకోం.

## బుక్ చేసుకునేటప్పుడు

సంక్రాంతికి గది దొరుకుతుందా?

దసరా లోపు అడిగితే దొరకొచ్చు. ఆ నాలుగు రోజులు ఊరంతా అల్లుళ్ళే, మా బంధువులకే మంచాలు చాలవు. రేటు కూడా ఎక్కువగానే ఉంటుంది.

సంక్రాంతికి రావాలనుకుంటే కనుమ రోజు తప్పకుండా ఉండేలా రండి. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఆ రోజే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు) ఆ తోటకు చేరతాయి. గంగలకుర్రు వైపు ప్రభలను కౌశిక ఏరు దాటించి, వరిచేలల్లోంచి భుజాల మీద మోసుకొస్తారు. పైరు తొక్కారని ఏ రైతూ అనడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. ఆ రోజు కార్లు దూరంగా ఆపేస్తారు, నడవాల్సి ఉంటుంది, మంచినీళ్ళు మీవెంట ఉంచుకోండి.

కోడిపందేలకు తీసుకెళ్తారా అని అడుగుతుంటారు. తీసుకెళ్ళం. చట్టం ఒప్పుకోదు, మాకూ ఇష్టం లేదు.

ప్రీ వెడ్డింగ్ షూట్‌కి ఇల్లు ఇస్తారా? ఒక్క పూట చాలు

ఇస్తాం, వేరే అతిథులు లేని రోజు చూసుకుని. రంగు పొగలు, నేల మీద కొవ్వొత్తులు వద్దు. గచ్చునేల రంగు పీల్చుకుంటుంది, కడిగితే పోదు. డ్రోను మా పెరట్లో ఎగరేసుకోవచ్చు కానీ పక్క పెరళ్ళ మీదికి పోనివ్వకండి. అవతల ఆడవాళ్ళు నూతి దగ్గర ఉంటారు. దేవుడి గది ముందు బూట్లతో ఫోజులు అసలే కుదరదు.

మందు తెచ్చుకోవచ్చా?

ఇంట్లో కుదరదు. వసారాకు అవతలే వంటిల్లు, పెద్దవాళ్ళు తిరుగుతుంటారు.

## దారి గురించి

అమలాపురం దాకా రైలుందా?

లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి. రాజమండ్రిలో దిగితే అక్కడి నుంచి రావులపాలెం మీదుగా అమలాపురానికి బస్సులు తిరుగుతూనే ఉంటాయి, రెండు గంటలు పడుతుంది. రాజోలు వైపు రావాలనుకునేవాళ్ళకు పాలకొల్లు గానీ నర్సాపురం గానీ దగ్గర. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన మీదుగా గోదావరి పాయ వశిష్ఠ దాటితే దిండి, అక్కడి నుంచి కోనసీమే. విమానంలో వచ్చేవాళ్ళకు రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయం ఉంది.

కాకినాడ నుంచి కారులో వచ్చేవాళ్ళు యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీద మరో పాయ గౌతమిని దాటి 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే నేరుగా అమలాపురం వస్తారు. మ్యాపు చూపించే అడ్డదారులు నమ్మకండి. కాలవగట్ల మీద రెండు కార్లు ఎదురుపడితే ఎవరో ఒకరు అర కిలోమీటరు వెనక్కి పోవాల్సిందే.

పంటు మీద కారు ఎక్కించుకుంటారటగా, భయం లేదా?

నర్సాపురం–సఖినేటిపల్లి మధ్య, కోటిపల్లి–ముక్తేశ్వరం మధ్య గోదావరి దాటించే పంట్లు (బల్లకట్లు) నడుస్తాయి. జనం, బళ్ళు, కార్లు అన్నీ ఎక్కుతాయి. పిల్లలకు మహా సరదా. కారు ఎక్కించాక హ్యాండ్‌బ్రేకు వేసి అందరూ దిగిపోవాలి, లోపల కూర్చోకూడదు. వరద ఉంటే, గాలి గట్టిగా ఉంటే పంటు ఆపేస్తారు. చీకటి పడ్డాక దాన్ని నమ్ముకుని రావద్దు.

కారు ఎక్కడ పెట్టుకోవాలి?

వీధి అరుగు పక్కన. కొబ్బరిచెట్టు నీడ బాగుందని కింద పెట్టారో, అద్దం మీద కాయ పడ్డాక మమ్మల్ని అడగొద్దు. దింపు రోజున కార్మికులు వచ్చి కార్లు తీయమంటారు, వాళ్ళు చెట్టు ఎక్కకముందే తీసేయండి.

## ఇంట్లో దిగాక

నీళ్ళు తాగొచ్చా, బాటిళ్ళు తెచ్చుకోవాలా?

బాటిళ్ళు అక్కర్లేదు. ఇక్కడ సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ భూమిలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అందుకే నూతి నీళ్ళు స్నానానికీ బట్టలకీ మాత్రమే. తాగడానికి కాలవ నీళ్ళతో నింపే మంచినీళ్ళ చెరువు నుంచి వచ్చే పంపు నీళ్ళు వాడతాం. వాటిని వడకట్టి, కాచి, చల్లార్చి ప్రతి గదిలో రాగి బిందెలో పెడతాం. చిన్నపిల్లలున్నవాళ్ళు అడిగితే కాచిన నీళ్ళు చల్లారకముందే ఫ్లాస్కులో ఇస్తాం. మే నెలలో కాలవలు కట్టేస్తే చెరువులో ఉన్న నీళ్ళతోనే ఊరంతా గడపాలి. అప్పుడు పంపు విప్పి వదిలేయకండి, దయచేసి.

వేడినీళ్ళు వస్తాయా? షాంపూ, సబ్బు ఇస్తారా?

ఎండ ఉన్న రోజున సోలార్ హీటర్ నీళ్ళు, ముసురు పట్టిన రోజున పెరట్లో కాగు. కొబ్బరి మట్టలు, చిప్పలతో కాగు వెలిగించి బకెట్లతో అందిస్తాం. సబ్బు ఇస్తాం, సున్నిపిండి, కుంకుడురసం అడిగితే ఇస్తాం. మీ షాంపూ మీరు తెచ్చుకోవచ్చు కానీ తక్కువ వాడండి, ఆ నీళ్ళు తాగేది అరటిచెట్లు. బాత్రూములో యాసిడ్లు, ఘాటు క్లీనర్లు పోయకండి.

పాములుంటాయా? నిజం చెప్పండి

ఉంటాయి. వరిచేలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. పెరట్లో ఎక్కువగా కనిపించేవి జెర్రిపోతు, నీరుకట్టె. వాటికి విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కూడా డెల్టాలో ఉన్నాయి, అందుకే కొన్ని అలవాట్లు చేసుకోవాలి. చీకటి పడ్డాక టార్చి లేకుండా పెరట్లోకి వెళ్ళకండి. చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోండి. కొబ్బరి మట్టల కుప్పలో పిల్లల్ని ఆడనివ్వకండి. నేల మీద పడుకోవద్దు, కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. ప్రతి మంచానికీ దోమతెర ఉంది, అంచులు పరుపు కిందికి దోపుకోండి. దోమలకూ అదే మందు.

ఎవరికైనా కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కాలు కదపకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. విషానికి విరుగుడు ఇంజెక్షనే.

కరెంటు పోతే? వైఫై ఉందా? నాకు మీటింగులున్నాయి

గాలి గట్టిగా వీస్తే కొబ్బరి మట్టలు తీగల మీద పడి కరెంటు పోతుంది, ఇది మామూలే. ఫ్యాన్లు, లైట్లు, వైఫై బ్యాటరీ మీద నడుస్తాయి. వైఫై వీధి గదుల్లో బాగుంటుంది, వెనక గదుల్లో మందపాటి గోడలు దాటి రాదు. మీటింగులకు వీధి గదిలో బల్ల వేస్తాం. తుపాను రోజుల్లో ఏదీ గ్యారంటీ లేదు. 1996 నవంబరు తుపాను తర్వాత ఈ ప్రాంతం ఎన్ని రోజులు చీకట్లో ఉందో ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి.

రాత్రి ఆకాశం ఒక పక్క ఎర్రగా ఉంది, ఎక్కడైనా ఇల్లు తగలబడుతోందా?

ఈ ప్రశ్నతో అర్ధరాత్రి తలుపు కొట్టినవాళ్ళున్నారు. అది గ్యాసు మంట. కోనసీమ కింద చమురు, సహజవాయువు నిల్వలున్నాయి, తాటిపాక, పాశర్లపూడి చుట్టుపక్కల చాలా బావులున్నాయి. మిగులు వాయువును ఎత్తైన గొట్టం చివర మండిస్తారు, మబ్బు పట్టిన రాత్రి ఆ వెలుగు దూరానికి కూడా కనిపిస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావిలో బ్లోఅవుట్ జరిగి రెండు నెలలకు పైగా మంట ఆగలేదు. అది చూసినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. బావుల కంచెల దగ్గరికి ఫొటోల కోసం వెళ్ళకండి.

పిల్లలు అల్లరివాళ్ళు, పాత సామాన్లు ముట్టుకోకూడదంటారా?

ముట్టుకోవచ్చు. ఉయ్యాలబల్ల ఊగడానికే, పడకకుర్చీ పడుకోవడానికే. తిరగలి తిప్పుకోనివ్వండి, వేళ్ళు మాత్రం చూసుకోండి. గాదె లోపలికి దిగకూడదు, భోషాణం మూత ఎత్తకూడదు. ఆ మూత బరువు పెద్దవాళ్ళకే ఆగదు. నూతికి ఇనుప జల్లెడ బిగించాం. గోడలకు మేకులు కొట్టడం, స్టిక్కర్లు అంటించడం వద్దు, సున్నం పూత పెళ్ళలుగా ఊడుతుంది.

## తిండి

పులస పెడతారా?

దొరికితే. పులస సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చేది వరద రోజుల్లోనే. జులై నుంచి సెప్టెంబరు దాకా, అదీ కొన్ని రోజులే. వలకు పడేవి ఏటికేడాది తగ్గిపోతున్నాయి, చేప ఒక్కటి వేలల్లో పలుకుతుంది. అందుకే ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసులో వచ్చిన అదే జాతి ఇలస చేపను గోదావరి పులసని చెప్పి అమ్మేస్తుంటారు. మీరు వచ్చే రెండు రోజుల ముందు చెబితే రేవులో వాకబు చేస్తాం, ఆ రోజు ధర చెప్పి, మీరు ఊఁ అంటేనే కొంటాం. చేప ధర మీది, వండినందుకు ఏమీ తీసుకోం. మట్టి దాకలో బెండకాయలు వేసి సన్నసెగ మీద పులుసు పెడతారు, మర్నాటికి ఇంకా బాగుంటుంది. కాబట్టి ఒక్క పూట కోసం వచ్చేవాళ్ళు పులస అడగకపోవడమే మంచిది. డిసెంబరులో ఎవరైనా పులస పెడతామంటే నమ్మకండి.

మేం పూర్తి శాకాహారులం, ఇబ్బందా?

అసలు మా వంటింటి బలమే అది. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, గుత్తివంకాయ, కొబ్బరి మామిడి పచ్చడి, పప్పులోకి ఊరమిరపకాయలు. పొద్దున పెసరట్టు ఉప్మా గానీ, మందపాటి దిబ్బరొట్టె గానీ. శాకాహారానికి గిన్నెలు, పొయ్యి వేరు. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళయితే అదీ చెప్పండి. కార్తీకమాసం అంతా ఇంట్లో మాంసం, చేపలు వండం. ఆ నెలలో చీరమేను (చిట్టి చేపపిల్లలు) కోసం వచ్చేవాళ్ళు యానాం వైపు చూసుకోవాలి.

ఎన్ని గంటలకు తినాలి? జొమాటో వస్తుందా?

రాదు. మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి ఎనిమిది. ఆలస్యమైతే చల్లారిన అన్నమే.

## చుట్టుపక్కల చూడటం

ఒక్క రోజులో ఎన్ని గుళ్ళు చూడొచ్చు?

అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి బాలబాలాజీ, మురమళ్ళ వీరేశ్వరుడు, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి, ద్రాక్షారామం, అంతర్వేది అన్నీ ఒక్క రోజులో చుట్టేశామని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళకు గుర్తున్నది కారు సీటే. మా సలహా పొద్దున రెండు, సాయంత్రం ఒకటి. ర్యాలిలో ఏకశిలా విగ్రహాన్ని ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక నుంచి చూస్తే మోహిని. వెనక వైపు చూడకుండా రావద్దు. మురమళ్ళలో నిత్యకల్యాణం చేయించాలంటే ముందుగానే పేరు నమోదు చేయించుకోవాలి. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం భీష్మ ఏకాదశినాడు. జనం ఇష్టమైతేనే ఆ రోజు వెళ్ళండి. మామూలు రోజున అయితే గుడి నుంచి ఇంకాస్త ముందుకెళ్ళి వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు చూడొచ్చు.

గోదావరిలో ఈదొచ్చా? సముద్రంలో?

గోదావరిలో ఊరివాళ్ళు స్నానం చేసే రేవులోనే, మెట్ల దగ్గరే. పైకి నిమ్మళంగా కనిపించినా ఇసుక తవ్విన గోతులుంటాయి, అడుగు వేసేదాకా తెలియదు. కాలవలో ఈత అసలు వద్దు, లాకుల దగ్గర నీటి ఊపు మనిషిని లాగేస్తుంది. ఓడలరేవు, అంతర్వేది తీరాల్లో కాళ్ళు తడుపుకుని రండి.

ఇంటికి ఏం కొనుక్కెళ్ళాలి?

ఆత్రేయపురం పూతరేకులు, 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికే. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ పరిచి రేకు తీయడం చూసి మరీ కొనుక్కోండి. బెల్లం, నెయ్యి వేసినవి అడగండి. చాక్లెట్ పూతరేకుల గురించి మా అభిప్రాయం అడక్కండి. బండారులంక చేనేత చీరలు, నర్సాపురం లేసు అల్లికలు బాగుంటాయి. మొక్కలు కావాలంటే తిరిగి వెళ్ళేటప్పుడు కడియం నర్సరీల దగ్గర ఆగండి, ముందే కొని మూడు రోజులు కార్లో తిప్పితే వాడిపోతాయి.

## మీ ఊళ్ళోనూ పాత ఇల్లుంటే

మా తాతగారి పెంకుటిల్లు ఖాళీగా ఉంది. సిమెంటుతో అతుకులు వేయిస్తే సరిపోదా?

సరిపోదు, ఇంకా చెడుతుంది. పాత గోడలు సున్నంతో కట్టినవి. డెల్టా నేలలో తడి పునాదుల్లోంచి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత ఆ తడిని బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి, లోపల ఉప్పు పేరుకుని, కొన్ని వానాకాలాలు గడిచేసరికి పూత పొలుసులుగా లేస్తుంది, ఇటుక పొడి రాలుతుంది. పైగా మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గోడ కాస్త కదిలితే సున్నం సర్దుకుంటుంది, సిమెంటు పగులుతుంది. ప్లాస్టిక్ రంగులతోనూ అదే తంటా. సున్నపు వెల్ల వేయించండి.

సున్నం పని ఎవరు చేస్తారిప్పుడు? ఎప్పుడు మొదలుపెట్టాలి?

పాత గుళ్ళకు మరమ్మతులు చేసే మేస్త్రీలను వెతకండి, వాళ్ళలో తెలిసినవాళ్ళు మిగిలారు. సున్నాన్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఇసుకతో గానుగాడి, కరక్కాయలు నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతారు. ‘సిమెంటు పిసరంత కలిపితే గట్టిగా ఉంటుందండీ’ అని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోకండి.

సంక్రాంతి వెళ్ళగానే పని మొదలుపెట్టాలి. ముందు కప్పు, తర్వాతే గోడలు. జూన్ వానలకు కప్పు మూసేసి ఉండాలి. ఎక్కువగా కారేది రెండు వాలులు లోపల కలిసే మూలల్లో, డబ్బు అక్కడ పెట్టండి. దూలాలను సుత్తితో తట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చినచోట చెదలున్నట్టే. దూలం మొత్తం మార్చనక్కర్లేదు, పాడైన కొసను కోసి పాత టేకుతోనే అతుకు వేసే వడ్రంగులున్నారు. పడగొడుతున్న ఇళ్ళ దగ్గర పాత పెంకులు, తలుపులు దొరుకుతాయి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నిదానంగా గట్టిపడుతుంది. ఎండకు గబగబా ఆరితే బీటలు తీస్తుంది, అందుకే తడి గోనెసంచులు కప్పి ఉంచాలి.

అన్నిటికంటే కష్టమైంది ఏది?

సున్నం కాదు, టేకు కాదు, వాటాలు. తాతగారి ఇల్లంటే అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, అమెరికాలో ఉన్నవాళ్ళు అందరూ హక్కుదారులే. ఒకరు డబ్బు పెట్టి బాగుచేశాక మరొకరు ‘నా వాటా అమ్మేస్తా’ అంటే పని మధ్యలో ఆగుతుంది, విప్పిన కప్పు వానలో తడుస్తుంది. మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకముందే అందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎంత పెడతారు, ఎన్నేళ్ళు అమ్మకూడదు, అద్దె వస్తే ఎలా పంచుకుంటారు అన్నది రాయించి రిజిస్టరు చేయించండి. పన్ను రసీదు, పాత దస్తావేజు ఎవరి పేరు మీదున్నాయో ఆ రోజే చూసుకోండి.